పగటి దీపాల లెక్క

లెక్కల కార్యాలయం, మూడో అంతస్తు
జూన్ 3

అన్నయ్యకు,

ముందు కోపం, ఆ తర్వాతే క్షేమం. నేను మూడు ఉత్తరాలు రాస్తే నువ్వు ఒక కార్డు ముక్క పంపావు. అందులో "బాగున్నాం, నువ్వు జాగ్రత్తగా ఉండు" అని నాలుగంటే నాలుగు మాటలు. దానికి స్టాంపు కూడా దండగ. మీ పేటలో ఫోన్ టవర్ తగలబడ్డాక నీకు భలే వీలు దొరికింది. ఫోన్లో అయితే నీ గొంతు వినగానే అసలు సంగతి పట్టేసేదాన్ని.

నాకు సీటు మారింది. గొడవల వల్ల ఊరికి ఎంత నష్టం వచ్చిందో లెక్కకట్టే విభాగంలో వేశారు. "కాలిపోయిన షాపులు లెక్కపెట్టడమేగా" అనుకుని చేరాను. కాదట. మా మేడమ్ మొదటిరోజే నల్లబల్ల మీద రెండు గీతలు గీసింది. పైది గొడవలే జరగకపోతే ఊరు ఎలా ఉండేదో చూపించే గీత, కిందిది ఇప్పుడు ఉన్న ఊరు. ఆ రెంటి మధ్య ఖాళీయే మనం కట్టాల్సిన లెక్క అంది. జరగనిదాన్ని ఊహించి, అందులోంచి జరిగినదాన్ని తీసేయడమే ఇక నా ఉద్యోగం. నవ్వకు.

అసలు విషయానికి వస్తాను. మీ వీధికి వెళ్ళడానికి మా సర్వేవాళ్ళు ఒప్పుకోవడం లేదు. కానీ ఆ చుట్టుపక్కల పగిలిన ప్రతి కిటికీ నీ దుకాణానికే కదా వస్తుంది! వారానికి ఎన్ని అద్దాలు బిగిస్తున్నావో రాయి. వదిన ఫ్యాక్టరీకి వెళ్తోందా? సాయంత్రం కాపలా బస్సు సరిగ్గా వస్తోందా?

నీ గడుగ్గాయి

*

అద్దాల దుకాణం
జూన్ 15

గడుగ్గాయికి అన్నయ్య రాసేది,

నాలుగు మాటలు రాసినా తప్పే, నలభై రాసినా తప్పే. ఇదిగో, ఈసారి కాగితం రెండు వైపులా నింపుతున్నాను, చదువుకో.

మామూలు రోజుల్లో నెలకు పది పదిహేను అద్దాలు బిగించేవాణ్ణి. అవైనా పిల్లలు బంతితో పగలగొట్టినవో, గాలికి తలుపు కొట్టుకుని చిట్లినవో. కాల్పులు మొదలయ్యాక ఆరు వారాల్లో మూడు వందల పదకొండు బిగించాను. పొద్దున కట్టర్ పడితే పొద్దుగూకేదాకా దించడం లేదు. వేళ్ళకు అద్దాలు బిగించే లప్పం అంటుకుని అన్నం కూడా అదే వాసన కొడుతోంది. మీ వదిన నన్ను వంటింటి గడప దాటనివ్వడం లేదు.

ఇప్పుడు నా సందేహం తీర్చు. మీ ఫారంలో నేనెక్కడ ఉంటాను? పక్కింటి కాంపౌండర్‌కి కిటికీ పోయింది, అది నష్టం. ఆ కిటికీ నేను బిగించి డబ్బు తీసుకున్నాను, అది నాకు లాభమా? ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడిలా ఉంది నా బతుకు. మొన్న ఒక ముసలాయన డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెడుతూ, "నీకు మంచి రోజులొచ్చాయి నాయనా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

వదిన బాగుంది. బస్సు వస్తోంది. తుపాకీ పట్టుకున్న ఇద్దరు ముందు కూర్చుంటారు, ఆడవాళ్ళు వెనక కూర్చుని వాళ్ళకు వినబడేలా వాళ్ళ మీదే జోకులు వేసుకుంటారట. నువ్వు మాత్రం ఇప్పుడప్పుడే రాకు. ఇల్లంతా గాజుపెంకులు, దుమ్ము. కొంచెం సర్దుకున్నాక నేనే కబురు పెడతాను.

అన్నయ్య

*

లెక్కల కార్యాలయం
జూన్ 28

అన్నయ్యా,

నీ ఉత్తరం మేడమ్‌కు చూపించాను (అన్నం లప్పం వాసన దగ్గర వేలు అడ్డం పెట్టాను). ఆవిడ కుర్చీలోంచి లేచింది! ఇంత శుభ్రమైన లెక్క ఏ శాఖా ఇవ్వలేదంది. పోలీసుల కాగితాల్లో గొడవ ఉంటుంది కానీ దాని తీవ్రత ఉండదు. ఆస్పత్రి కాగితాల్లో ఆస్పత్రిదాకా చేరినవాళ్ళే ఉంటారు. అద్దం అలా కాదు, ఎవరి పక్షమూ పట్టదు, దెబ్బ తగిలితే పగులుతుంది. ఇకనుంచి మీ పేట పరిస్థితిని అద్దాలతోనే కొలుస్తామని తీర్మానం అయిపోయింది. మా గోడమీద చార్టులో నీ పేరు లేదులే, "అద్దాల పనివారు (ఒకరు)" అని ఉంది. ఆ ఒకరు మా అన్నయ్యే అని ఆఫీసంతా చెప్పుకొచ్చాను. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలిసిందే.

నీ సందేహం గురించి ఆవిడతో గంటసేపు గొడవపడ్డాను. ఫారం ప్రకారం నువ్వు లాభంలోనే వస్తావట. అయితే ఆవిడ ఒక మాట చెప్పింది. ఆ మూడు వందల పదకొండు కిటికీలకు పెట్టిన డబ్బుతో వాళ్ళు ఏ చెప్పులో, బడి పుస్తకాలో, కుర్చీయో కొనుక్కునేవాళ్ళు. చెప్పులవాడి దగ్గరికి వెళ్ళాల్సింది నీ దగ్గరికి వచ్చింది, ఊరికి మాత్రం ఉన్న కిటికీయే మళ్ళీ వచ్చింది తప్ప కొత్తగా ఏమీ రాలేదు. కాబట్టి నువ్వు ఎవరిల్లూ కాల్చలేదు, ఎవరినీ నిప్పు అడగలేదు. కడుపునిండా తిను.

ప్రతి పదిహేను రోజులకూ లెక్క పంపాలి. ఇది చెల్లెలి ముచ్చట కాదు, ప్రభుత్వపు పని.

గడుగ్గాయి

*

అద్దాల దుకాణం
ఆగస్టు 20

గడుగ్గాయికి,

ఆలస్యమైంది, తిట్టకు. లెక్క ఇదిగో. గడిచిన నాలుగు వారాల్లో బిగించిన అద్దాలు: నలభై ఒకటి, పంతొమ్మిది, ఏడు, రెండు.

చూశావుగా, అంతా చల్లబడింది. వీధి ప్రశాంతంగా ఉంది. నేను మధ్యాహ్నం ఒక కునుకు కూడా తీస్తున్నాను. వదిన కొంచెం ఒళ్ళు చేసింది, ఈ మాట నేను రాశానని చెప్పకు. నువ్వు రాత్రుళ్ళు మా గురించి బెంగపెట్టుకుని పడుకోవడం లేదని నీ గదిలో ఉండే నర్సమ్మ రాసింది. అలాంటివి మానెయ్యి. మాకేం, రాళ్ళలా ఉన్నాం.

నువ్వు ఇప్పుడు రావద్దు. దుకాణానికి సున్నం వేయిస్తున్నాను.

అన్నయ్య

*

లెక్కల కార్యాలయం
సెప్టెంబరు 9

అన్నయ్యా, అన్నయ్యా, అన్నయ్యా!

నలభై ఒకటి, పంతొమ్మిది, ఏడు, రెండు! ఈ నాలుగు అంకెలు మంచం పక్కన గోడకు అంటించుకున్నాను. ఆ రాత్రి పడుకుంటే తెల్లారి ఎనిమిదికి లేచాను, ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నాను, అయినా హాయిగా ఉంది.

నివేదిక అచ్చయింది. వీధులను మూడు రకాలుగా విడదీశాం: తేరుకున్నవి, తేరుకుంటున్నవి, తేరుకోనివి. మీ వీధి మొదటి జాబితాలో మొట్టమొదటిది. ఆ పేజీ నేనే రాశాను. "అద్దాల మరమ్మతు మామూలు స్థాయికి వచ్చినందున" అని మొదలవుతుంది. అచ్చులో చూసుకుని ఏడ్చాను. మేడమ్ చూసి, లెక్కలవాళ్ళు ఏడవకూడదంది, తన రుమాలు మాత్రం ఇచ్చింది.

తేరుకున్న వీధులకు పెట్టిన ఖర్చును తేరుకోని వీధులకు మళ్ళిస్తారు. మరమ్మతు సాయం, కాపలా బస్సు లాంటివి వచ్చే ఒకటో తేదీ నుంచి మీకు ఆగిపోతాయి. మీకింక వాటి అవసరం లేదు కదా! వదినతో చెప్పు, ఇక తుపాకులవాళ్ళ మీద జోకులు వేసే యోగం లేదని.

నీ గడుగ్గాయి

*

అద్దాల దుకాణం
అక్టోబరు 4

గడుగ్గాయీ,

నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగు కాగితాలూ చింపాను. కుండబద్దలు కొట్టినట్టు చెప్పేస్తాను.

అద్దాలు తగ్గింది గొడవ తగ్గి కాదు. కిటికీలు లేకపోబట్టి. మా వీధిలో జనం కిటికీలకు ఇటుకలు పెట్టుకున్నారు. చట్రంతో సహా పీకించేసి, లోపల ఇటుక, బయట సున్నం. ఇక పగలడానికి ఏముంది? ఆ నాలుగు వారాల్లో బిగించినవాటికంటే నేను పీకినవే ఎక్కువ. పీకినవి దుకాణంలో గోడకు ఆనించి పెట్టాను, నడవడానికి దారి లేదు. కునుకు తీస్తున్నానన్నది నిజమే. పని లేకపోతే చేసేదేముంది!

నీకు చెప్పింది అంకెల్లో అబద్ధం కాదు. అంకెల పక్కన రాసినదే అబద్ధం. నువ్వు నిద్రపోవాలని రాశాను. అన్న చెల్లెలికి రాసే ఉత్తరం అనుకున్నాను, ప్రభుత్వానికి రాస్తున్నానని నాకు తట్టలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

ఒకటో తేదీ నుంచి బస్సు రాలేదు. ఫ్యాక్టరీ నుంచి ఇరవైముగ్గురు ఆడవాళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకుని నడిచి వస్తున్నారు. అందులో మీ వదిన ఉంది. మొన్న పాత గిడ్డంగి దగ్గర కాల్పులు వినబడితే మురుక్కాలవ పక్కన నలభై నిమిషాలు కూర్చున్నారట. ఇంటికొచ్చి చీర అంచు ఉతుక్కుంటూ, "ఏ మహానుభావుడు చెప్పాడో మన వీధి బాగుపడిందని, వాడి కళ్ళు పోను" అంది. ఆ మహానుభావుడు పక్కనే నిలబడి తువ్వాలు అందించాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు నేనే వేశాను. దీన్ని ఎలాగైనా వెనక్కి తిప్పు. తప్పు నాదని రాసి సంతకం పెట్టమంటే పెడతాను.

అన్నయ్య

*

లెక్కల కార్యాలయం
అక్టోబరు 11

అన్నయ్యకు,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివాను. అక్కడే కూర్చుని మళ్ళీ చదివాను.

నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఎదురుగా ఉంటే రక్కేసేదాన్ని. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. నాకు జ్వరమొస్తే వేడి తగ్గిందని చెప్పేవాడివి, పరీక్ష పోతే పేపరు దిద్దినవాడిదే తప్పనేవాడివి. కిటికీ చట్రం కన్నా అద్దం ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువ కోయాలి, బిగుతుగా కోస్తే పగులుతుంది అని నేర్పావు కదా, నాకు చెప్పే నిజం కూడా అలాగే ఒక నూలు తక్కువ కోసి ఇస్తావు. నేను పగలను అన్నయ్యా. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి నాకు.

కోపం అయిపోయింది. ఇప్పుడు నా తప్పు. ఒక్క మనిషి చెప్పినదాన్ని వీధి మొత్తానికి అంటగట్టకూడదని మొదటి పాఠంలోనే ఉంది. ఆ మనిషి మా అన్నయ్య కాబట్టి పాఠం మర్చిపోయాను. తిన్నగా మేడమ్ గదికి వెళ్ళి చెప్పేశాను. ఆవిడ నివేదిక తీసి నా పేజీ దగ్గర తెరిచింది. తర్వాత, "నీ పేజీ వెనక్కి తీసుకోవాలంటే దాని స్థానంలో మరో లెక్క కావాలి. అక్కడ భయంగా ఉంది అంటే కమిటీ వినదు, ఎంత అని అడుగుతుంది. పన్నెండు రోజుల్లో కమిటీ. అది దాటితే వచ్చే ఏడాదిదాకా జాబితా మారదు" అంది. నా ఉద్యోగం సంగతి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

రెండు రోజులు ఆలోచించాను. ఇటుకల్ని లెక్కపెడితే గోడ కట్టుకున్నారంటారు, అది ఖర్చు కింద పోతుంది. కిటికీ మూసినవాడు ఏం పోగొట్టుకున్నాడు? వెలుతురు. పట్టపగలు దీపం వేసుకోవాలి. కరెంటు బిల్లుల్లో పగలూ రాత్రీ విడిగా ఉండవు. కాబట్టి గడపగడపకూ తిరిగి అడగాలి: పగలు ఎన్ని గంటలు దీపం వేస్తున్నారు, ఎప్పటినుంచి, ఎన్ని కిటికీలు, ఎందుకు. ఈ నాలుగే ప్రశ్నలు. ఫారాలు ఇందులో పెట్టాను.

నువ్వు ఒక్కడివే తిరగకు. వదినను తీసుకెళ్ళు, అంటే ముందు వదినకు చెప్పాలి. అది నీ ఖర్మ.

నన్ను చూసి ఏదీ తగ్గించకు, ఏదీ పెంచకు.

నీ చెల్లెలు

*

అద్దాల దుకాణం
అక్టోబరు 19

గడుగ్గాయికి,

ఫారాలు ఇందులో ఉన్నాయి. సంచితో సహా పోస్టుమాన్ చేతిలోనే పెట్టాను.

వదినకు చెప్పాను. అట్లకాడ పట్టుకుని నావైపు తిరిగింది. తర్వాత, "మీ అన్నాచెల్లెళ్ళ ప్రేమలకు నా చెప్పులరిగాయి" అంది. ఇంకా ఏమేమో అంది, అవి ఫారంలో పట్టవు. అప్పటికి అన్నం ఒకరోజు బంద్, మాటలు రెండురోజులు బంద్. మూడోరోజు పొద్దున్నే పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, "ఎక్కడ మొదలు, ఆ చివరా ఈ చివరా?" అంది.

నేను అడిగితే అందరూ అబద్ధమే చెప్పారు. "దీపమా? అబ్బే, సాయంత్రం ఏడింటికి" అంటారు, నెత్తిమీద బల్బు వెలుగుతూనే ఉంటుంది. మగవాడు అడిగితే మగవాడు ఒప్పుకోడు. వదిన పద్ధతి వేరు. లోపలికి వెళ్ళి, "కళ్ళు మంటలుగా ఉన్నాయా వదినా, నాక్కూడా" అని మొదలుపెడుతుంది. అంతే, కట్ట తెగినట్టు చెప్పుకొస్తారు. టైలరమ్మ నల్లబట్ట మీద నల్లదారం కనబడక నల్లవి కుట్టడమే మానేసింది, దాంతో సగం బేరాలు పోయాయి. కాంపౌండర్ ఇంట్లో పెద్దావిడకు పగలేదో రాత్రేదో తెలియక మూడింటికి లేచి స్నానం చేస్తోంది. ఒక అబ్బాయి బడి పుస్తకం పట్టుకుని వీధి గడపలో కూర్చుంటాడు, వాళ్ళమ్మ లోపలికి లాగుతుంది, వాడు మళ్ళీ వస్తాడు.

మా వీధిలో యాభై రెండు ఇళ్ళు. తొమ్మిదింటికి తాళాలు. అడిగినవి నలభై రెండు. ముప్పై ఒక్క ఇంట్లో కిటికీలు మూసేశారు, మొత్తం నూట పద్దెనిమిది కిటికీలు. ఇంటికి సగటున పగలు ఏడు గంటలు దీపం. సగటు నేనే కట్టాను, వదిన మూడుసార్లు సరిచూసింది.

బస్సు గురించి కమిటీలో గట్టిగా చెప్పు. రోజూ సాయంత్రం నేను ఎదురువెళ్ళి వదినను తీసుకొస్తున్నాను.

అన్నయ్య

*

లెక్కల కార్యాలయం
నవంబరు 2

అన్నయ్యా,

గెలిచాం. కమిటీలో ఒకాయన, "దీపాల గంటలా? ఇదేం కొలత!" అని నవ్వాడు. మేడమ్ లేచి ఆ గది తెరలన్నీ మూసి, లైట్లు ఆర్పేసి, ఇప్పుడు మీ ముందున్న కాగితం చదవండి అంది. అందరూ చీకట్లో దగ్గుకుంటూ కూర్చున్నారు. మీ వీధి "తేరుకోనివి" జాబితాలోకి మారింది. సోమవారం నుంచి బస్సు వస్తుంది. మిగతా పేటల్లో కూడా ఇవే నాలుగు ప్రశ్నలు అడగబోతున్నారు.

నన్ను నివేదికలు రాసే సీటులోంచి తీసేశారు. సర్వేకు వేశారు, ఇక ఫారాలు పట్టుకుని గడపగడపకూ తిరగాలి. శిక్షే. కానీ నాకు కోపం లేదు. మూడో అంతస్తులో కూర్చుని వీధి ఎలా ఉందో రాసినదానికి ఇది న్యాయమే.

ఒక్క మాట. నీ ఫారాలు ఒక్కొక్కటీ సరిచూశాను. యాభై రెండులో తొమ్మిది తీసేస్తే నలభై మూడు. నువ్వు పంపినవి నలభై రెండు. పద్నాలుగో నంబరు ఇంటి ఫారం లేదు. పద్నాలుగో నంబరు ఎవరిదో నాకు తెలుసు, నేను పుట్టింది ఆ ఇంట్లోనే.

అడుగుతున్నాను అన్నయ్యా. సర్వే మనిషిగా కాదు.

గడుగ్గాయి

*

అద్దాల దుకాణం కాదు, ఇంట్లోంచి
నవంబరు 10

చెల్లెమ్మా,

పద్నాలుగో నంబరు ఇల్లు. కిటికీలు అయిదు. అయిదూ మూసేసి ఉన్నాయి. పగలు దీపం పదకొండు గంటలు. ఎప్పటినుంచి అంటే, వీధిలో అందరికన్నా ముందు నుంచి.

జులైలో ఒక పొద్దున వదిన కిటికీ దగ్గర తల దువ్వుకుంటోంది. కాల్పులకు కిటికీ అద్దం పగిలింది. పెంకు చెవి పక్కనుంచి పోయి ఎదురుగోడలో దిగింది. తనకు గీత కూడా పడలేదు. పెంకులన్నీ ఏరి పారేసింది, జడ అల్లుకుంది, పనికి వెళ్ళిపోయింది. నేను కొలత తీసుకున్నాను, అద్దం కోశాను, చట్రంలో పెట్టబోయాను. తిప్పి బల్ల మీద పెట్టేశాను. ఎవరెవరి ఇళ్ళకో వందల అద్దాలు బిగించినవాణ్ణి, నా ఇంట్లో ఒక్కటి బిగించలేకపోయాను. సాయంత్రానికి ఇటుకలు తెచ్చి అయిదూ మూసేశాను.

నాలుగోరోజు కాంపౌండర్ వచ్చాడు. "అద్దాలవాడివి నువ్వే ఇటుకలు పెట్టుకున్నావంటే ఏదో పెద్దది రాబోతోందన్నమాట. నీకు తెలిసింది మాకూ చెప్పొద్దా?" అన్నాడు. నాకేమీ తెలియదు. భయమేసింది, అంతే. ఆ ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. ఊరుకున్నాను. నేను ఊరుకోవడం చూసి అతనికి ఇంకా గట్టి నమ్మకం కుదిరింది. మర్నాడు అతని కిటికీలు పీకాను, తర్వాత ఎదురింటివి, ఆ తర్వాత టైలరమ్మవి. ముప్పై ఒక్క ఇళ్ళు. అందులో ఎన్ని ఇళ్ళు కాల్పులు చూసి మూసుకున్నాయో, ఎన్ని ఇళ్ళు నన్ను చూసి మూసుకున్నాయో నేను చెప్పలేను. మీ మేడమ్ గీతల్లో దీన్ని ఎక్కడ గీస్తుందో అడుగు.

ఇంకొకటి. వదినకు ఎదురువెళ్తున్నానని రాశాను. వెళ్ళింది వీధి మలుపు దాకానే. అక్కడ స్తంభం పక్కన నిలబడేవాణ్ణి, తను కనబడగానే నాలుగడుగులు ముందుకు వేసేవాణ్ణి, ఎంతో దూరం నుంచి వచ్చినవాడిలాగ.

ఇక్కడిదాకా నిన్న రాసి, మధ్యాహ్నం వదినకు చదివి వినిపించాను. స్తంభం సంగతి మొదటిరోజే తెలుసట. లేచి వెళ్ళి సుత్తీ ఉలీ తెచ్చి చాప మీద పెట్టింది. నాలుగు ఇటుకలు నేను తీశాను. అయిదోదాని దగ్గర నేను ఆగితే సుత్తి అందుకుని ఆమె తీసింది. పక్కింట్లో చప్పుడు ఆగిపోయింది, వింటున్నట్టున్నారు. రాత్రి ఇద్దరికీ నిద్రపట్టలేదు, పొద్దున చూస్తే నేల మీద పలకంత ఎండ పడి ఉంది. దీపం ఆర్పి అక్కడే కూర్చుని రాస్తున్నాను. అద్దం ఇంకా పెట్టలేదు.

ఇప్పుడు వీధిలోకి వెళ్ళి అందరికీ చెప్పాలి. నాకేదీ తెలియదని, భయపడ్డానని, మిమ్మల్ని చూస్తూ చూస్తూ నోరు మూసుకున్నానని. రెండుసార్లు గడపదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మాకేం, రాళ్ళలా ఉన్నాం అని నీకు రాసినప్పుడు ఎంత సులువుగా రాశాను!

నిన్ను రావద్దని ఇన్నాళ్ళూ అన్నది నువ్వు ఈ గోడలు చూస్తావనే. ఇప్పుడు అడుగుతున్నాను, రా. చిన్నదానివని నీకెప్పుడూ ఏదీ చెప్పలేదు, ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. నేను ఆ మాట చెప్పేటప్పుడు నువ్వు పక్కన నిలబడు.

అన్నయ్య